పదకొండు గంటల గుత్తివంకాయ

నా పరువు పోవడానికి రెండు వందల మందికి పైగా సాక్షులున్నారు. పోయింది ఎక్కడో కాదు, కొత్తపేటలో, మా అద్దెయింటి వంటగదిలో, పట్టపగలు.

అప్పటికి పెళ్లై రెండేళ్లు. నాకు వచ్చిన వంట ఉప్మా ఒక్కటే, అదీ దాని దయ ఉన్న రోజుల్లో. అయినా మా ఆయన ఆఫీసు మీటింగులకని కొన్న వెబ్‌క్యామ్ ఖాళీగా కనబడగానే, రోజూ పదకొండింటికి ‘అమ్మమ్మ చేతి వంట’ అని లైవ్ మొదలుపెట్టాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను స్టవ్ కూడా గెలవకుండానే రచ్చకెక్కాను.

కిటుకు చెప్తాను, నవ్వకండి. రైతు బజార్ పక్కనున్న కర్రీ పాయింట్‌లో కూర కొని, మట్టికుండలో పోసి, వేడి చేస్తూ గరిటె తిప్పేదాన్ని. మధ్యమధ్య గుంటూరులో ఉన్న మా అమ్మమ్మను తలుచుకుని కళ్లొత్తుకునేదాన్ని. నిజానికి ఆవిడకూ వంట రాదు.

ఆ రోజు గుత్తివంకాయ అని ముందే ప్రకటించాను. పొద్దున వెళ్తే కూర ఇంకా కాలేదన్నారు. మా ఇంటి ఓనరు యాదమ్మ ఆంటీ బజారుకు బయల్దేరితే, వచ్చేటప్పుడు తెచ్చి వెనక గుమ్మం దగ్గర పెట్టమని బతిమాలాను. లైవ్ సంగతి మాత్రం చెప్పలేదు.

పదకొండయింది. కూర రాలేదు. ఖాళీ కుండలో గరిటె తిప్పుతూ ఉపన్యాసం అందుకున్నాను. కర్రీ పాయింట్ కూరలు తెచ్చి ఇంట్లోవాళ్లకు పెట్టే ఆడవాళ్లకు సిగ్గుండాలన్నాను. తెర మీద లవ్ గుర్తులు జల్లులా కురిశాయి. సరిగ్గా అప్పుడే యాదమ్మ ఆంటీ ప్లాస్టిక్ కవరుతో నా వెనక ప్రత్యక్షమైంది.

“బిడ్డా, వంకాయ ఒడిసిందంట. దొండకాయ తెచ్చిన.”

ఒడ్డున పడ్డ చేపలా కళ్లు తిప్పి సైగ చేశాను.

“కండ్లకేమైంది? నలక పడ్డదా?”

“మీ ఇంటికి కూర తెచ్చుకున్నారా ఆంటీ?” అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

“నాకెందుకు? నేను వండుకుంట. రోజూ తెచ్చుకునేది నువ్వే గద.”

అక్కడే లైవ్ ఆపేస్తే కొంతైనా పరువు మిగిలేది. ఆపలేదు. పరువు పోతున్నకొద్దీ చూసేవాళ్ల అంకె పెరుగుతోంది మరి. ఇంత దురాశ నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలీదు.

ఆంటీ తెర మీద తనను చూసుకుని, కొంగు సర్దుకుని, పక్కన వరసగా కదులుతున్న చిన్న ఫొటోలు చూపించి గీళ్లంత ఎవరని అడిగింది. చూసేవాళ్లని చెప్పాను. ఇంతలో ఎవరో దొండకాయ వేపుడు ఎలా చెయ్యాలని రాస్తే చదివి వినిపించాను. ఆంటీ కెమెరా ముందున్న నా కుర్చీలో కూర్చుని ముప్పావుగంట చెప్పింది. నేను పక్కన కుండ పట్టుకుని నిలబడ్డాను. చివర్లో ఒకావిడ రాసింది: అమ్మమ్మగారు చాలా బాగా చెప్తున్నారు, పక్కనున్న ఆ పనమ్మాయి ఎవరు?

“ఏమంటున్నరు?” అంది ఆంటీ. కళ్లజోడు తెచ్చుకోలేదు మరి.

“బాగా చెప్తున్నారంటున్నారు,” అన్నాను. సగం నిజం.

మర్నాటి నుంచి ఆ లైవ్ ఆంటీది. ఉల్లిపాయలు తరిగే పని నాది. అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: నేను వండని కూరను నేను వండానని ఈ జన్మలో చెప్పను. చెప్పాలనుకున్నా ఆంటీ కుర్చీ ఇవ్వదు.