గడప వద్దన్న గుమ్మం

దయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. రుజువు కానిదాన్ని పిల్లల చేత బోర్డు మీద రాయించను. రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కనుక, ఇక్కడ చెప్పబోయేదాంట్లో ముందు జరిగింది వెనక్కూ, వెనక జరిగింది ముందుకూ మారే అవకాశం తక్కువ. భయపెట్టడానికి రాయడం లేదు. ఈ అనుభవం నాకు భయాన్ని మిగల్చలేదు, బాధను మిగిల్చింది.

నరసరావుపేటలో, రొంపిచెర్ల వెళ్ళే దారిలో, మా అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి స్థలం ఒకటి ఉండేది. అన్నయ్య మా ఊళ్ళో మిరప, పత్తి వేసేవాడు. నేను పేటలో అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. ఇద్దరం కలిసి ఒకే కప్పు కింద రెండిళ్ళు కట్టుకోవాలని నిర్ణయించుకున్నాం. రెండింటికీ మధ్య ఒకే గోడ.

ఆ గోడ దగ్గరే మాకు మాట కలవలేదు. అందులో ఒక తలుపు పెడదామని నేనన్నాను. అన్నయ్య ససేమిరా అన్నాడు.

"తలుపుంటే తగాదా ఉంటదిరా. గోడుంటే గౌరవం ఉంటది. నువ్వు బళ్ళో భాగహారాలు చేసుంటావ్, ఊళ్ళో భాగాలు పంచింది నేను."

వదిన కూడా ఆయన పక్షమే. "చారు గిన్నె పట్టుకుని ఈధిలోంచి వస్తే మీ ఇంటి పరువేమన్నా పోద్దా ఏంది?" అని నవ్వింది. నా భార్యకు ఏదైనా సమ్మతమే. నేను మరి పట్టుబట్టలేదు. గోడ గోడగానే ఉండాలని మా నలుగురి మధ్యా తేలిపోయింది.

ఆ తర్వాత పని సాఫీగా నడిచింది. సున్నంతో నేల మీద గదులు గీసి ముగ్గు పోశారు. నల్లరేగడి నేల కావడంతో గుంతలు లోతుగా తవ్వించాం. పిల్లర్లు లేచాయి, స్లాబు పడింది. మేస్త్రీ మస్తాన్ పేటవాడే. మాట తక్కువ, చేతి వేగం ఎక్కువ. అన్నయ్య వారానికి రెండుసార్లు మోటారు సైకిలు మీద వచ్చి, ఇటుకను ఇటుకతో కొట్టి చప్పుడు విని, పనివాళ్ళతో సరసాలాడి వెళ్ళేవాడు. మస్తాన్ ఆయన్ని పెద్దాయనా అనేవాడు, నన్ను చిన్నసారూ అనేవాడు.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులవి. పదో తరగతి పరీక్షలు కూడా మొదలయ్యాయి. ఆ మరునాటి నుంచి మధ్య గోడ ఇటుక పని. ముందురోజు సాయంత్రం నేను దగ్గరుండి ఈ చివర నుంచి ఆ చివరకు దారం కట్టించాను. దారి వదలడమనే ప్రస్తావన ఎవరి నోటా రాలేదు. వచ్చి ఉంటే నాకు గుర్తుండకపోయే మాట కాదు, ఎందుకంటే ఆ తలుపు కోరింది నేనే.

మరునాడు నాకు పరీక్ష డ్యూటీ. సెల్‌ఫోను బయట అప్పగించి లోపలికి వెళ్ళాను. మధ్యాహ్నం బయటికి వచ్చి చూసుకుంటే, నేను ఎత్తలేకపోయిన ఫోన్లు వరసగా ఉన్నాయి. తెల్లవారుజామున కల్లంలో కాయలు తిరగేస్తూ అన్నయ్య పడిపోయాడు. కుడి పక్క మొత్తం చచ్చుబడింది, మాట పోయింది. వదిన పక్కింటివాళ్ళ కారులో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నేరుగా గుంటూరు తీసుకుపోయింది. బళ్ళు తెరవకముందే ఆసుపత్రిలో చేర్చారు.

నేను వెంటనే బయల్దేరాను. దారిలో మస్తాన్‌కు ఫోను చేసి, అన్నయ్యకు బాగాలేదు, చెప్పేదాకా పని ఆపమన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మూడో రోజున అన్నయ్య పోయాడు. కళ్ళు తెరవలేదు, ఒక్క మాట అనలేదు.

పెద్దకర్మ అయ్యాక కట్టుబడి దగ్గరికి వెళ్ళాను. మధ్య గోడ మోకాలి ఎత్తుకు లేచి ఉంది. అయితే హాలు ఉన్న చోట ఇటుకలు ఆగిపోయి, మనిషి పట్టేంత ఖాళీ తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. అంచులు నేర్పుగా ముగించి ఉన్నాయి. పొరపాటున వదిలింది కాదు. మస్తాన్‌ను పిలిచి ఇదేమిటని అడిగాను.

"పెద్దాయన చెప్పాడు గదా సార్, ఈడ దారి వదలమని."

ఎప్పుడని అడిగాను. గోడ మొదలెట్టిన రోజే, పదకొండింటి టీ వేళకు అన్నాడు. ఆయన దారం పక్కన నిలబడి, చోటు చూపించి, దారి వదలమన్నాడట. అది సరే, రెండో మాట మస్తాన్‌కు నచ్చలేదట.

"గడప పెట్టొద్దన్నాడు సార్. ఏంది పెద్దాయనా, గడప లేని గుమ్మం మీవాళ్ళలో చానా తప్పు గదా అన్నా. గడప ఇంటికి శుభంరా, బిడ్డ కాలికి కాదు, తగిలి పడుద్ది అన్నాడు. ఏ బిడ్డో నేనడగలా."

ఆ బిడ్డ నా కూతురు. పుట్టుకతో ఎడమ పాదం కాస్త ఈడుస్తుంది. మా ఊరి ఇంటి గడపలు ఎత్తుగా ఉండేవి. ప్రతి గడప దగ్గరా అన్నయ్య తన రెక్క అందించి దాటించేవాడు. గుంతలూ ఇనుప ఊచలూ ఉంటాయని పాపను నేను కట్టుబడి దగ్గరికి ఒక్కసారి కూడా తీసుకురాలేదు. మస్తాన్ ఆమెను చూసి ఉండలేదు.

సిమెంటు మాలు అందించే కోటమ్మను వేరుగా పిలిచి అడిగాను. ఆమె తడుముకోలేదు.

"వచ్చాడు గదయ్యా! టీ తాగు పెద్దాయనా అంటే వద్దని చెయ్యూపాడు. ఎప్పుడూ నా టీకి వంకలు పెట్టి మరీ తాగే మనిషి, ఇయ్యాల ఏందబ్బా అనుకున్నా."

ఆ వేళకు ఆయనకు గుంటూరులో తలకు స్కానింగు తీస్తున్నారు. ఆ మాట చెప్పగానే మస్తాన్ చేతిలోని తాపీ కింద పెట్టేశాడు. "ఈడ నుంచి పోయినాక పడిపోయాడనుకున్నా సార్" అన్నాడు.

నాకు తోచిన సందేహాలన్నీ నేను వేసుకున్నాను. రోజు తప్పు చెబుతున్నారా? ఆ గోడ పని జరిగింది ఆ ఒక్కరోజే. మనిషిని పొరబడ్డారా? నెలల తరబడి చూసిన మనిషి. నన్ను సంతోషపెట్టడానికి అల్లారా? తలుపు విషయంలో మా మాటామాటా మా ఇంట్లోనే జరిగింది. పైగా గడప వద్దనే ఊహ అబద్ధం ఆడేవాడికి కూడా రాదు. ముందే ఎప్పుడైనా అన్నయ్య రహస్యంగా చెప్పి ఉంటే, దారం కట్టిన సాయంత్రం మస్తాన్ నాతో అనేవాడు.

ఇక్కడిదాకా అయితే ఇదొక వింత. దాన్ని నేను వదిన దగ్గరికి తీసుకువెళ్ళడంతో నష్టం మొదలైంది.

ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాను. పోతూ పోతూ ఆయన మా రెండిళ్ళనూ కలిపి వెళ్ళాడన్న మాట ఆమె చెవిన పడాలని నాకు బలంగా అనిపించింది. ఊళ్ళో వాళ్ళింటి వసారాలో కూర్చుని, విన్నది విన్నట్టు చెప్పాను. వదిన అన్నగారు కూడా అక్కడే ఉన్నారు.

వదిన నా ముఖం వంక చూసింది.

"కారులో ఆయన తల నా ఒళ్ళో ఉంది. ఆస్పత్రిలో చెయ్యి నా చేతిలో ఉంది. నన్ను దాటుకుని నీ గోడ దగ్గరికి ఎట్టొచ్చాడయ్యా?"

ఆమె అన్నగారు మాట అందుకున్నారు. "బతికున్నప్పుడు ఒప్పుకోని తలుపు, పోయినాక ఒప్పుకున్నాడా? తలుపు కావాలంటే తలుపు కావాలని అడుగు బావా. చచ్చినోణ్ణి సాక్షిగా పిలవమాక" అన్నారు.

నేను మస్తాన్‌ను ఊరికి పిలిపించాను. అతను నాతో చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. వదిన అన్నగారు అంతా విని ఒకే ప్రశ్న వేశారు.

"నీకు కూలి ఎవరిస్తన్నారు?"

"చిన్నసారే ఇస్తన్నాడండీ."

ఆ ఒక్క జవాబు చాలింది. వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి మాష్టారూ అనడం మొదలుపెట్టింది.

ఆ ఖాళీ మూసెయ్యమని ఆమె కబురు పంపింది. గోడ ఇద్దరిదీ. కాదనే హక్కు నాకు సగమే ఉంది, ఆ సగాన్ని వాడుకునే మనసు లేదు. మస్తాన్‌తో చెబితే తల అడ్డంగా ఊపాడు. "తెరవమన్నాయన మూయమంటే మూస్తా సార్" అన్నాడు. మిగతా ఇల్లంతా కట్టిపెట్టాడు గానీ ఆ ఇటుకలు ముట్టుకోలేదు. వదిన వాళ్ళు వేరే మేస్త్రీని పెట్టి పూడ్పించారు. గోడకు సిమెంటు పూసి గిలాబు చేశాక అది ఎక్కడ ఉండేదో కొత్తవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

ఇప్పుడు ఆ ఇంట్లో వదిన, ఈ ఇంట్లో మేము ఉంటున్నాం. రెండు గృహప్రవేశాలూ వేర్వేరు ముహూర్తాలకు జరిగాయి. చారు గిన్నె వీధిలోంచి కూడా రాదు.

అప్పుడు నేను అన్నయ్య పేరు ఎత్తకుండా, "వదినా, నా కోరిక తీర్చు, ఇక్కడొక తలుపు ఉండనీ" అని ప్రాధేయపడి ఉంటే ఆమె ఒప్పుకునేదేమో. పట్టుదల గల మనిషే గానీ రాతి మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిదనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో ఆమెకు అంత అబద్ధంలా వినిపించింది.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నా భార్యా పాపా ఇంట్లో లేని వేళ, వదిన వచ్చింది. కొత్త ఇంట్లో కాపురం పెట్టాక మా ఇంటికి రావడం అదే మొదలు. కూర్చోమంటే గుమ్మం దగ్గరి కుర్చీలో అంచున కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే తాగింది. గ్లాసు చేతిలోనే పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ రోజు ఆ మేస్త్రీకి కనపడ్డప్పుడు... బాగానే ఉన్నాడంటనా?"

ఏ గంటకు వచ్చాడో, ఎక్కడ నిలబడ్డాడో, ఏమన్నాడో, వరసగా అన్నీ అడిగి తెలుసుకున్నవాణ్ణి. మనిషి ఎలా ఉన్నాడని మాత్రం నేను అడగలేదు. ఆ మాటే చెప్పాను. కావాలంటే మస్తాన్‌ను ఇప్పుడే పిలిపిస్తానన్నాను.

"వద్దులే. కూలోడు నువ్వు చెప్పినట్టే చెప్తాడు" అంది. అయితే ఈసారి ఆ మాటలో కోపం లేదు. బాగానే ఉన్నాడని ఒక్క మాట నేను అనాలని ఆమె ఇంకా కాసేపు ఎదురుచూసినట్టు నాకు అనిపించింది. నాకు తెలియని మాట నేను అనలేకపోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పూట కట్టుబడి దగ్గరికి వచ్చింది ఎవరో నాకు నేటికీ అంతుబట్టలేదు. అన్నయ్యే అని రుజువు చేయలేను. కాదని రుజువు చేయడమూ నా వల్ల కాలేదు. గోడకు అవతల ఆమె ఒక్కతే ఉంటుంది. అప్పుడప్పుడు ఆమె దగ్గు వినిపిస్తుంది.