సగం గీసిన గడ్డం

ఆయన్ని అందరూ సెలూన్ మావయ్య అంటారు. ఊరు రెండు ముక్కలై, ఒకే బడిలో చదివిన కుర్రాళ్ళు ఒకరినొకరు కాల్చుకోవడం మొదలెట్టాక కూడా ఆ పిలుపు మారలేదు. ఎగువ పేట దళానికి ఒక దేశం తుపాకులిస్తుంది, దిగువ పేట దళానికి ఇంకో దేశం ఇస్తుంది. ఆ రెండు దేశాలూ మాత్రం ఒకదాని మీద ఒకటి చిన్న గులకరాయి కూడా విసురుకోవు. చావడానికి మన పిల్లలున్నారు కదా, వాళ్ళకేం నొప్పి!

సెలూన్ సరిగ్గా రెండు పేటల సరిహద్దు మీద ఉంది. అక్కడ ఒకటే కట్టుబాటు. కుర్చీలో కూర్చున్నాక యుద్ధం ఊసెత్తకూడదు. ఎత్తితే మావయ్య కత్తి పైకి లేపేస్తాడు, ఇక దించడు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే. ఒకసారి సొంత బావగారే సగం క్రాపుతో పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. అక్క చాలాకాలం మాట్లాడలేదు.

ఆ అక్క కొడుకే ఇప్పుడు దిగువ దళంలో ఉన్నాడు. వీధి ఎగువ దళం చేతిలో ఉన్నా, అప్పుడప్పుడు పెరటి తలుపు నుంచి వచ్చి క్షవరం చేయించుకుని పోతాడు. దిగువ పేటలో ఉన్న అక్క ఎలా ఉందో వాడి నోటే తెలియాలి.

ఒక ఉదయం నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. ఎగువ దళానికి సలహాలివ్వడానికి దిగిన విదేశీయుడు. మన భాష నేర్చుకునే వచ్చాడు గానీ, నోరు విప్పితే పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మావయ్య ఒక చెంప నున్నగా చేసి రెండోదానికి నురగ పట్టించాడు.

“మీ మేనల్లుడు ఇచ్చటికి వచ్చుచున్నాడని మాకు తెలియును. అతడు వచ్చినప్పుడు మాకు తెలియజేయుడు. మీ దుకాణమునకు ఏ హానియు జరగదు.”

కత్తి పైకి లేచింది.

“లేవండి, అయిపోయింది.”

“ఇంకను సగము ఉన్నది.”

“మిగతాది మీ దేశం వెళ్ళి గీయించుకోండి. అక్కడ మీ మేనల్లుళ్ళు హాయిగానే ఉన్నారుగా!”

ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఆ పెద్దమనిషి వీధి దాటుతుంటే చూసినవాళ్ళకు పొట్ట చెక్కలైంది. మావయ్యకు మాత్రం నవ్వు రాలేదు. భయం కన్నా ఒళ్ళుమంట ఎక్కువైంది. ఎవడు వీడు, నా కుర్చీలో కూర్చుని మా అక్క కడుపుకోతకు బేరం పెట్టడానికి?

మర్నాడు ఎగువ దళం నాయకుడు తాళంకప్పతో వచ్చాడు. వీధి చివర జీపులో నల్ల కళ్ళద్దాలాయన కూర్చున్నాడు. ఈ నాయకుడూ, మేనల్లుడూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఇద్దరికీ మొదటి మీసం దిద్దింది మావయ్యే.

“పైనుంచి ఆర్డరు మావయ్యా. షాపు మూసెయ్యాలి.”

“పైనుంచంటే? ఆ జీపులోంచా?”

“ఏం చెయ్యమంటావ్? తిండీ, తూటాలూ అన్నీ వాళ్ళే ఇస్తున్నారు.”

“ఇస్తార్రా, ఎందుకివ్వరు! ఇక్కడ పాతిపెట్టుకోవాల్సినవాళ్ళు వాళ్ళకెవరూ లేరుగా.”

నాయకుడు తల దించుకున్నాడు. మావయ్య లోపలి నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, జీపు వైపు తిప్పి ఫుట్‌పాత్ మీద వేశాడు.

“ఇప్పుడేసుకో తాళం. నేనిక్కడే గీస్తా. కాల్చాలనిపిస్తే కాల్చమను, నేనెక్కడికీ పోను.”

నాయకుడు తాళం వేశాడు. రమ్మని జీపు హారన్ మోగింది. అతను కదల్లేదు. తుపాకీ గోడకు ఆనించి, వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మావయ్య అతని మెడ చుట్టూ తువ్వాలు కట్టాడు.

“మావయ్యా,” అన్నాడు నాయకుడు గొంతు తగ్గించి. “పెరటి వైపు మనుషుల్ని పెట్టారు. వాణ్ణి కొన్నాళ్ళు రావద్దని చెప్పు.”

“నేనెందుకు చెప్పాలి? నువ్వే వెళ్ళి చెప్పు. వాడు నీ స్నేహితుడే కదరా.”

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా.

“చెప్తాను,” అన్నాడు నాయకుడు తలెత్తి, జీపులోకి సూటిగా చూస్తూ.