రెక్క నీది, తల నాది

గాలిమర అంటే మీకు దూరం నుంచే తెలుసు. బస్సు కిటికీలోంచి చూసి, "అబ్బ, ఎంత హాయిగా తిరుగుతున్నాయో" అనుకుని మళ్లీ కునికిపాట్లు పడతారు. హాయీ లేదు, పాడూ లేదు. దాని కింద నిలబడి చూడండి. ఆ రెక్క కొస హైవే మీద లారీకి మూడింతల వేగంతో మీ నెత్తి మీదుగా కోసుకుంటూ పోతుంది. స్తంభం లోపలి నిచ్చెనెక్కి, పైనున్న డబ్బాలాంటి గదిలో దూరి, నట్లు బిగించి, నూనె మార్చి దిగొచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఒకడి కథ ఇది.

సైట్లో వాణ్ని అందరూ బామ్మర్ది అనే పిలిచేవారు. వాడు ఎక్కడికెళ్లినా పక్కన బావ ఉండేవాడు మరి. సొంత అక్క మొగుడు. మేనేజరు కూడా వాళ్ల పేర్లు మర్చిపోయి, "బావా బామ్మర్దులు వచ్చారా?" అని అడిగేవాడు.

వాణ్ని ఈ పనిలోకి లాగింది బావే. చదువు సగంలో ఆపేసి ఇంట్లో పడి ఉంటే, తండ్రి పొద్దస్తమానం "గాలికి తిరిగే వెధవ" అని తిట్టిపోసేవాడు. ఒకరోజు బావ ఆ తిట్లు విని, "మావయ్యా, వాణ్ని నాతో పంపించండి. మా దగ్గర గాలికి తిరిగేదానికే గౌరవం" అన్నాడు. నవ్వని ముసలాయన కూడా నవ్వేశాడు. అలా వెళ్లాడు.

మొదటి రోజు స్తంభం మొదట్లో నిలబెట్టి బావ పాఠం చెప్పాడు.

"ఇందులో బ్రహ్మవిద్యేం లేదురా. గాలి రెక్కని తోస్తుంది. రెక్క నింపాదిగా తిరుగుతుంది, మీ అక్క నిద్రలేచినట్టు. ఆ తిరుగుడు పళ్లచక్రాల పెట్టెలోకి పోతే, అది వంద రెట్లు జోరు పెంచి జనరేటరుకి అందిస్తుంది. అక్కడ కరెంటు పుడుతుంది. కేబుళ్లలో కిందికి దిగి, ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి పెంచుకుని, తీగల మీద ఊళ్లకి పోతుంది. నువ్వు ఫ్యానేసుకుని పడుకునేది ఆ కరెంటుతోనే."

"గాలి లేకపోతే, బావా?"

"అప్పుడు మనం ఎక్కుతాం."

ఆ మిషన్‌కి ఇంకో గుణం ఉంది. గాలి ఎటు నుంచి వస్తే డబ్బా అటు మొహం తిప్పుకుంటుంది. దాని కింద మోటార్లున్నాయి, అవి తిప్పుతాయి. అలా ఒకే వైపు తిరిగి తిరిగి లోపలి కేబుళ్లు జడలాగా మెలికపడతాయి. మెలిక ముదిరితే మిషన్ ఎవర్నీ అడక్కుండా వెనక్కి తిరిగి విప్పుకుంటుంది. గాలి బాగా ఉన్నప్పుడు ఆగితే కరెంటు నష్టం కాబట్టి, గాలి పడిపోయిన వేళ చూసి ఆ పని పెట్టుకుంటుంది. మనుషులు ఎక్కేదీ సరిగ్గా ఆ వేళే, అదీ చిక్కు. అందుకని పైకెక్కగానే రెండు పనులు చేయాలి. రెక్క తిరక్కుండా ఇరుసుకి ఇనుప కడ్డీ దూర్చాలి. డబ్బా తిరక్కుండా మోటార్ల స్విచ్చి ఆపాలి. బావ భాషలో మొదటిది రెక్క కట్టడం, రెండోది తల కట్టడం. ఒకడు కట్టాలి, రెండోవాడు వెళ్లి కళ్లతో చూసి, పైకి వినబడేలా "కట్టి ఉంది" అనాలి. అదీ రూలు.

కొన్నాళ్లు నిష్ఠగానే చేశారు. తర్వాత మొహం మొత్తింది. ఒకసారి వాడు తల స్విచ్చి చూడ్డానికి వెళ్తుంటే బావ కసిరాడు. "ఏరా, నేను కట్టానంటే నమ్మకం లేదా? మీ అక్కని నాకిచ్చేటప్పుడు మీ నాన్న కూడా ఇంత అనుమానపడలేదు." వాడు సిగ్గుపడి వెనక్కొచ్చాడు. ఆ రోజే పంపకం అయిపోయింది. "రెక్క నీది, తల నాది" అన్నాడు బావ. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకడు కట్టింది ఇంకొకడు చూడలేదు, అడగలేదు. దాన్నే వాళ్లు నమ్మకం అనుకున్నారు. సైట్లో మిగతావాళ్లు కూడా మెచ్చుకున్నారు, ఏం చెప్పమంటారు!

ఆ రోజు పొద్దున గాలి బొత్తిగా లేదు. నిచ్చెన ఎక్కుతుంటే బావ రెండుచోట్ల ఆగాడు. ఎప్పుడూ ఆగే మనిషి కాదు. "వయసైపోతోంది బావా, ఇక పిల్లల్ని ఎత్తుకుని ఇంట్లో కూర్చో" అని వాడు పైనుంచి వెక్కిరించాడు. "నోర్ముయ్" అన్నాడు బావ. ఆ మాటలో ఎప్పుడూ ఉండే ఊపు లేదు. వాడది పట్టించుకోలేదు.

పైకొచ్చాక వాడు ముందుకెళ్లి రెక్క కట్టాడు. తిరిగొచ్చేసరికి బావ పళ్లచక్రాల పెట్టెకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయి చెమటలు కారిపోతున్నాయి. "పొద్దున తిన్నది పడలేదురా" అన్నాడు. ఎడమ భుజం పట్టుకుని అంటున్నాడు ఆ మాట. అది తిండి కాదు, గుండె అని వాడికి అర్థమైపోయింది.

నిచ్చెన దిగే ఓపిక లేదు. అలాంటప్పుడు డబ్బా వెనకవైపు నేలలో ఉన్న తలుపు తీసి, బెల్టు కట్టి, తాడు మీద మనిషిని బయటి నుంచి నేరుగా నేలకి దింపాలి. ఇద్దరి భుజాలకీ వాకీటాకీలున్నాయి. వాడు తనదాంట్లో కిందున్న జీపు డ్రైవరుకి చెప్పాడు. డ్రైవరు అంబులెన్సుకి ఫోన్ చేసి, జీపు తెచ్చి సరిగ్గా ఆ తలుపు కింద పెట్టాడు. వాడు బావకి బెల్టు కట్టడం మొదలుపెట్టాడు. ఒక కొక్కెం తప్పుగా పడితే విప్పి మళ్లీ వేశాడు. ఆ పాటికే కాళ్ల కింద మోటార్ల మూలుగు మొదలైంది. వాడి చెవిలో పడుతూనే ఉంది. ఏళ్ల తరబడి విన్న చప్పుడు కదా, బుర్రకెక్కలేదు.

"నేను పోనులేరా, అలా ఏడుపు మొహం పెట్టకు" అన్నాడు బావ. వాడు దింపాడు.

తాడు సగం దాకా బాగానే జారింది. అప్పుడు వాకీటాకీలో డ్రైవరు కేక పెట్టాడు. "ఆపు! ఆపన్నా! తీగల మీదికొస్తున్నాడు!"

వాడు తాడు బిగబట్టి తలుపులోంచి కిందికి చూశాడు. జీపు లేదు. జీపు ఉండాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టూ కంచె, పైన కరెంటు తీగలు. పక్క మిషన్లన్నిటినీ సబ్‌స్టేషన్‌కి కలిపే తీగలవి, గాలి లేకపోయినా వాటిలో కరెంటు ఉంటుంది. డబ్బా మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు, మెలిక విప్పుకుంటోంది. దాని తోకకి వేలాడుతూ బావ కూడా తిరుగుతున్నాడు.

వాకీటాకీలో బావ గొంతు వచ్చింది, చాలా చిన్నగా. "తల కట్టలేదురా. కూర్చుండిపోయాను... కట్టలేదు."

వాడు తాడు ముడేసి పరుగెత్తి స్విచ్చి ఆపాడు. కానీ ఆపితే సరిపోదే! ఇప్పుడు వెనక తలుపు సరిగ్గా తీగల మీదుంది. మనిషిని పైకి లాగడం ఒక్కడి వల్ల కాదు. సబ్‌స్టేషన్‌కి చెప్పి కరెంటు తీయించాలంటే ఎంతసేపో ఎవరికి తెలుసు? డబ్బాని మనిషే వెనక్కి తిప్పాలి. దానికున్న బొత్తాం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోవాలి, వదిలితే ఆగిపోతుంది. అది తిరిగే తీరు మీకు చెప్పానుగా. గడియారంలో పెద్దముల్లు కాస్త నయం అనిపిస్తుంది. వాడు బొత్తాం నొక్కుతూ "బావా, మాట్లాడు. బావా, తిట్టు. ఏదో ఒకటి అను బావా" అని అరుస్తూనే ఉన్నాడు. అవతల నుంచి గరగర చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

చివరికి తీగలు దాటించి నేలకి దింపాక డ్రైవరు కొక్కెం విప్పాడు. అంబులెన్సు అప్పటికే వచ్చి రోడ్డు మీద నిలబడి ఉంది. ఆసుపత్రిలో డాక్టరు, "కాస్త ముందుగా..." అని మొదలుపెట్టి, వాడి మొహం చూసి మానేశాడు. వరండాలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వాడు గోడకి తల కొట్టుకుంటుంటే డ్రైవరు గట్టిగా పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా ఆ మిషన్ ఎక్కడానికి కొత్త జంటని పంపారు. కరెంటు ఆగకూడదు కదా. విచారణకొచ్చిన ఆఫీసరు, "తల స్విచ్చి ఎవరి పని?" అని అడిగితే, "ఇద్దరిదీ" అన్నాడు వాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

అక్క మాత్రం అలా వదల్లేదు. ఒక మధ్యాహ్నం, చుట్టాలందరూ వెళ్లిపోయాక, వంటగది గడప మీద కూర్చుని, "ఒరేయ్, ఇలా రా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచావంటే ఈ జన్మలో నీ మొహం చూడను" అంది.

వాడు నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. పంపకం గురించి చెప్పాడు. నిచ్చెన మీద తను వేసిన వెక్కిరింత చెప్పాడు. బావ ఆఖరి మాటేంటో కూడా చెప్పాడు.

"అంటే పోయేటప్పుడు కూడా నేను గుర్తు రాలేదన్నమాట. ఆ దిక్కుమాలిన మిషనే గుర్తొచ్చింది" అంది అక్క. ఏడవలేదు. "మరి నువ్వెందుకు చూడలేదురా? లేచి నాలుగడుగులు వేస్తే కనబడేదేగా?" అంది.

"బావ కట్టే ఉంటాడనుకున్నానక్కా. ఎప్పుడూ కడతాడు కదా."



"ఆ ముందు రాత్రి కూడా ఆయనకి గుండెల్లో నొప్పొచ్చింది. రేపు ఎక్కొద్దు, సెలవు పెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను" అంది. "‘పిచ్చిదానా, నాకేమన్నా అయితే పైన నీ తమ్ముడున్నాడు, వాడే చూసుకుంటాడు’ అని నవ్వాడు. నేనూ సరేలే అనుకుని పొద్దున్నే క్యారేజీ కట్టిచ్చి పంపించానురా."

ఆ మాట అన్నాక అక్కకి ఏడుపు ఆగలేదు. వాడు చెయ్యి చాచాడు గానీ, ఆవిణ్ని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.