గడ్డి కూరిన చక్రం

నాకు నిలకడ లేదు. ఈ మాట మా అమ్మ అన్నది, బడిలో పంతుళ్ళు అన్నారు, పెళ్ళయ్యాక మా ఆయన కూడా అన్నాడు. కూర తిరగబోసి అది మగ్గేలోపల రెండుసార్లు మేడ మీదికి వెళ్ళొస్తాను. తిరుపతిలో నేను పనిచేసే యూనివర్సిటీ ఆఫీసులో ఎవరైనా నన్ను వెతుక్కుంటూ వస్తే, "కుర్చీ ఉంది, మనిషి లేదు" అని చెప్పి పంపడం అలవాటైపోయింది. నలభై దాటాక సైకిలు పట్టడానికి కారణం కూడా ఇదే. ఒళ్ళు తగ్గాలనీ కాదు, ఎవరో మెచ్చుకోవాలనీ కాదు. కూర్చునే కదలొచ్చు, అంతే.

మా అక్క వేరే మనిషి. నాకన్నా మూడేళ్ళు పెద్ద. నగరిలో నాలుగు మరమగ్గాలు తానొక్కతే చూసుకుంటుంది. ఆ మోతలో కూడా ఎక్కడో ఒక పోగు తెగితే అక్కకు తెలిసిపోతుంది. లేచి మగ్గం ఆపి, ముడేసి, మళ్ళీ నడుపుతుంది. మా చిన్నప్పుడు ఒక వేసవిలో నాయన మమ్మల్నిద్దరినీ షెడ్డులో పెట్టాడు. నేను కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తుంటే పోగు తెగి, రెండు గజాల గుడ్డ పాడైంది. బడులు తెరిచాక అక్క షెడ్డులోనే ఉండిపోయింది. తొమ్మిదో తరగతితో దాని చదువు ఆగింది. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ నాకొచ్చింది. నాయన అలా తేల్చేశాడని నేననుకున్నాను. అక్క ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

అటువంటి అక్క మా ఇంటికొచ్చి, గోడకు ఆనించిన నా సైకిలు వంక కాసేపు చూసి, "మీ సైకిలోళ్ళంతా కలిసి పోతారంటనే పులికాటు దాకా. నన్ను గూడా తీసుకపోతావా?" అనడిగింది. దాని నోట నేను విన్న మొదటి కోరిక అది.

"రెండు నూర్ల కిలోమీటర్లక్కా."

"తెలుసులే. ఎంత దూరం పోగలనో సూస్కోవాలని ఉండాది. సైకిలు మీద నగిరి పొలిమేర దాటలేదు నేను." నా వైపు తిరిగి అంది. "ఒకటే మాట. నన్ను యాడా ఇడ్సిపెట్టి పోవద్దు."

పోనన్నాను.

మూడు నెలలు అక్క తెల్లవారుజామున పుత్తూరు దాకా తొక్కి వచ్చి మగ్గాలు వేసేది. రాత్రి ఫోన్లో ఆ రోజెంత తొక్కిందో చెప్పేది. చిన్నపిల్ల మార్కులు చెప్పినట్టు చెప్పేది.

మాఘమాసంలో ఒక ఆదివారం, ఉదయం ఐదింటికి తిరుపతిలో మూడు వందల మందిమి బయల్దేరాం. పులికాటు సరస్సు ఒడ్డు దాకా పోయి సాయంత్రం ఆరున్నరలోగా తిరిగి రావాలి. దారిలో కొన్నిచోట్ల బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళు మన కార్డు మీద ముద్ర వేస్తారు. బల్ల ఎత్తేసే వేళ దాటితే ముద్ర లేదు. ఒక్క ముద్ర తక్కువైనా ప్రయాణం పూర్తి చేసినట్టు కాదు. వెనక బండ్లేవీ రావు, ఎవరి మరమ్మతు వాళ్ళదే.

అక్కది ఒకటే వేగం. శ్రీకాళహస్తి దగ్గర ఎంతో నాయుడుపేటలోనూ అంతే. నేను ముందుకు పోయి, ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకు పోయి అల్లాడిపోయాను. "నిదానమే ప్రధానం మే" అంటుంది అక్క. "ఆలస్యం అమృతం విషం" అంటాను నేను. ఒకరి తరవాత ఒకరు అందరూ మమ్మల్ని దాటేశారు. లోపల నాకు మంట. నా ఒక్కదాని లెక్కయితే ఈపాటికి ఎక్కడుండేదాన్నో అని ప్రతి మైలురాయి దగ్గరా అనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అనుకున్నాను.

సరస్సు ఒడ్డున ముద్ర వేయించుకున్నాక అక్క కదలదు. దూరంగా నీళ్ళలో గులాబీ రంగు పక్షులు బారులు తీరి ఉన్నాయి.

"ఇవి యాడి నుంచి వస్తాయో."

"యాడి నుంచో వస్తాయిలేక్కా. మనం పోవాల."

"రొంతసేపుండు మే. ఇంకెప్పుడు సూస్తాను."

నేను కాలుకాలిన పిల్లిలా బల్లకూ రోడ్డుకూ మధ్య తిరిగాను. అక్క చూసింది చాలనుకుని వచ్చిందో, నన్ను చూడలేక వచ్చిందో తెలియదు. "ఆ సంచి నాకియ్యి, బరువు లేకుంటే బిన్నా తొక్కుతావు" అని దాని సంచి నేను తగిలించుకున్నాను. ఆ పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. సూళ్లూరుపేట దాటి హైవే ఎక్కాక ఇక నావల్ల కాలేదు.

"నాయుడుపేట కాడ నీడలో కూసోని ఉంటానక్కా. నువ్వు నిదానంగా రా."

అక్క నా మొహం చూసింది. "సరే, పో" అంది.

దాని 'సరే' అసలు సరే కాదని నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. అయినా పోయాను. రెక్కలొచ్చినట్టుంది. ఒక్కచోట ఆగకుండా నాయుడుపేట చేరి ముద్ర వేయించుకుని, చెరుకురసం తాగి, చింతచెట్టు కింద నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. బల్ల ఎత్తేయడానికి ఇంకా నలభై నిమిషాలుంది. అక్కకు ఫోన్ చేశాను.

ఫోను నా వీపు మీద మోగింది.

సంచి దించి చూశాను. అక్క ఫోను, గాలి కొట్టే పంపు, వేరే ట్యూబు. అన్నీ నా దగ్గరే ఉన్నాయి. దాని దగ్గర నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు.

ఆ తరవాత నేను చేసిన పని ఇప్పటికీ అక్కకు చెప్పలేదు. నా కార్డులో ముద్ర పడింది, వస్తుందిలే, ఎవరో ఒకరు సాయం చేస్తారులే అనుకుని తిరుపతి వైపు సైకిలెక్కాను. శ్రీకాళహస్తి రోడ్డు మలుపు దాకా తొక్కాను కూడా. అక్కడ ఆగిపోయాను. నన్ను నేను తిట్టుకుంటూ వెనక్కి తిప్పాను.

పది కిలోమీటర్లు పోయాక అవతలి రోడ్డున అక్క కనిపించింది. తొక్కుతూనే ఉంది, కానీ సైకిలు కుంటుతోంది. మధ్యలో డివైడరు. కేక వేస్తే లారీల మోతలో వినబడలేదు. సందు దొరికేదాకా ఇంకో కిలోమీటరు ముందుకు పోయి, తిరిగొచ్చి పట్టుకున్నాను. వెనక చక్రం టైరు అంచులోంచి వరిగడ్డి పీచులు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"వచ్చినావా" అంది, దిగకుండానే. "ముల్లు గుచ్చుకొని ట్యూబు పోయింది. పంచరు అంగడి మూసుండాది. ఆడ ఒకామెనడిగి గరిట కాడతో టైరు లేపి, ఆమె వామిలో గడ్డి పెరికి కూరినా. నడస్తా ఉండాది కదా."

దాని చేతులు నల్లగా, గోళ్ళ దగ్గర చీరుకుపోయి ఉన్నాయి. నాకు ఏడుపు రావాల్సింది పోయి కోపమొచ్చింది. "పోవద్దని ఒక మాట చెప్పుంటే ఆగేదాన్ని కదా?"

"చెప్పినా గదా" అంది. "మూడు నెలలకు ముందే చెప్పినా."

గడ్డి పెరికి, ట్యూబు వేసి, గాలి కొట్టి నాయుడుపేట చేరేసరికి మూడైంది. బల్ల మడిచేసి ఆటోలో పెడుతున్నారు. నేను గొంతు లేపాను. అక్క నా భుజం పట్టుకుంది. "ఊరుకో మే. ఆయన మీద అరిస్తే గడియారం ఎనక్కి పోతాదా?" బస్సెక్కుదామన్నాను. "బస్సేటికి? కాళ్ళు బాగుండాయి. నేను ముందు పోతా, నువ్వు ఎనక రా."

అరవై కిలోమీటర్లు అక్క వెనక తొక్కాను. అంత కష్టమైన అరవై కిలోమీటర్లు నా జన్మలో లేవు. ప్రతి నిమిషం కాళ్ళు దాటిపొమ్మంటాయి. నేను పళ్ళు బిగించి ఆ వెనక చక్రమే చూస్తూ పోయాను.

ఏర్పేడులో టీ తాగుతుంటే లోపలున్నది బయటికొచ్చింది. "ఆ పొద్దు నాయన నీకన్యాయం చేసినాడు. ఈ పొద్దు నేను చేసినా."

అక్క గ్లాసు దించి నవ్వింది. "నాయననేమీ అనొద్దు. నీకు నిలకడొస్తాదని నిన్ను మగ్గం కాడ పెట్టి, నన్ను బడికి పంపిస్తాననినాడు. నేనే వద్దనినా. నువ్వు ఆ కిటికీ కాడ్నే సచ్చిపోయేదానివి మే. సైకిలు దానికియ్యి, నేనుంటా ఈడ అనినా."

ముప్పై ఐదేళ్ళు ఆ సైకిలు నాయన ఇచ్చాడనే అనుకున్నాను.

తిరుపతి చేరేసరికి దీపాలు పెట్టేశారు. షామియానా విప్పుతున్నారు, పతకాల పెట్టె కట్టేశారు. అక్క తన కార్డు తీసి, ముద్ర పడని గడి చూసుకుని, మడిచి దాచుకుంది.

"మళ్ళా ఏడు గూడా పెడతారా ఇది?"

"పెడతారక్కా. ఈసారి మనిద్దరం..."

"నేనొస్తా" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు తగిలింది. "నువ్వు రావద్దు మే. ఆ పంపు ఇట్లియ్యి."

ఇచ్చాను. తన సైకిలు కడ్డీకి తానే కట్టుకుంది. రెండు ముళ్ళు వేసి, లాగి చూసుకుంది. అంతసేపూ నేను కదలకుండా నిలబడి ఉన్నాను.