అది ఇస్తుంది

డెబ్బైల్లో కరువు పనుల కింద బోర్లు వేసే బండి వెంట నేను దుబాసీగా తిరిగినాను. మా ఇంజనీరు జర్మనీ ఆయన. నాతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు, తనలో తాను మాత్రం వాళ్ళ భాషే. వినీ వినీ నాకొక మాట పట్టుబడింది: గేబెన్. ఇవ్వడం అని అర్థం. నీళ్ళ చెంబు ఇమ్మన్నా అదే మాట. చిత్రమేమంటే, ‘ఉంది’ అనాల్సిన చోటా దాన్నే వాడతారు. ఎస్ గిబ్ట్, అంటే ‘అది ఇస్తుంది’. అంగట్లో అరటిపండ్లుంటే, అది అరటిపండ్లు ఇస్తుంది. రేపు వానుంటే, అది వాన ఇస్తుంది. ఆ ‘అది’ ఎవరని అడిగితే, ఎవరూ కాదు, ఊరికే అట్లా అంటామని నవ్వినాడు.

రాప్తాడు దగ్గర ఒంటరిగా బతికే ఒక అవ్వ చేన్లో బోరు వేసినాము. పొద్దు వాలేదాకా వేసినా తెల్లటి రాతిపొడి తప్ప తడి లేదు. ఇంజనీరు తల అడ్డంగా ఊపి తన భాషలో ఎస్ గిబ్ట్ అంటూ ఏదో అన్నాడు. దొర ఏమంటున్నాడని అవ్వ నన్ను అడిగింది. నీళ్ళు లేవనే బదులు నా నోట మాటకు మాటే వచ్చింది.

"అది నీళ్ళు ఇయ్యదంట అవ్వా."

ఆమె బోరు గొట్టం వైపు చూసింది. "మరి దానికేం కావాలంట నాయనా?" అనింది.

అప్పుడే గొట్టంలోంచి చల్లటి గాలి నిదానంగా పైకి రాసాగింది. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గాలి పైకొస్తుందని ఇంజనీరు చెప్పినాడు. అదే నేను అవ్వకు చెప్పినాను. ఆమె గొట్టం మీద అరచెయ్యి పెట్టి, ఇప్పుడు లోపలికి పీలుస్తోందని అనింది. నేనూ పెట్టి చూసినాను. చెయ్యి అతుక్కుపోయింది. ఇంజనీరు కూడా చూసినాడు గానీ ఈసారి కారణం చెప్పలేదు. మూత వేసి వచ్చేసినాము.

సామాన్లకోసం వారం తర్వాత పోతే మూత తీసి ఉంది. అవ్వ పక్కన ఖాళీ గోనెసంచి. విత్తనానికని దాచుకున్న శెనక్కాయలన్నీ ఆమె దోసిళ్ళతో బోరులో పోసిందని పక్క చేని రైతు చెప్పినాడు.

"తీసుకుందప్పా. ఇంకా అడుగుతాండాది" అనింది అవ్వ, ఇంట్లో చంటిబిడ్డ సంగతి చెప్పినట్టు.

ఇంజనీరు ఒక రాయి లోపలికి వదిలినాడు. అందరం చెవులొగ్గి విన్నాము. మేము వేసిన బోరే, లోతు మాకు తెలుసు. అడుగు తాకిన చప్పుడు రాలేదు. ఇంకోటి వదిలినాడు. అదీ అంతే. గొట్టం నోటికి ఇనుపరేకు పెట్టి వెల్డింగు చేయించినాడు. ఆ తర్వాత ఏ ఊర్లోనూ బోరు దగ్గర ఆయన తన భాష మాట్లాడింది నేను వినలేదు.

ఆ ఏడు వానలు బాగానే పడినాయి. విత్తనం లేక అవ్వ చేను మాత్రం బీడుగా ఉండిపోయింది. చిలమత్తూరు నుంచి కూతురు వచ్చి ఆమెను పిలుచుకుపోయింది. రేకు తియ్యమని అవ్వ ఎవర్నీ అడగలేదంట. పోయే రోజు పొద్దున మాత్రం గొట్టం పక్కన కూర్చొని చాలాసేపు మాట్లాడిందని, మధ్యమధ్యలో జవాబు విన్నట్టు తల ఊపిందని కూతురే నాకు చెప్పింది.