‘రెండో గొంతు’ రాసిన పుష్పక్క

పుష్పక్క ఇక లేదన్న కబురు ఆ రోజు షిఫ్టు మొదలైన అరగంటకు నాకు చేరింది. నాచారంలో మా పుస్తకాన్ని అచ్చు వేసిన ప్రెస్సు యజమాని నర్సింహన్న ఫోన్ చేసి, “అక్క పోయింది తమ్మి. పొద్దుగాల గుండె ఆగిందట” అన్నాడు. నేను సరే అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఫోన్ పక్కన పెట్టి, తెర మీదున్న షాఫ్టు డ్రాయింగులో మిగిలిన మూడు కొలతలూ వేసి ఫైలు పంపించాను. మూడూ తప్పని మర్నాడు తిరిగొచ్చింది. నా డ్రాయింగు అలా తిరిగిరావడం అదే మొదటిసారి.

ఆమెను ఎరగనివారి కోసం ముందు వివరాలు రాస్తాను. పేరు పుష్పలత. పుట్టింది జనగామ దగ్గర, కాపురం ఉప్పల్‌లో. భర్త రాజయ్య గారు చర్లపల్లిలో ఒక కార్ఖానాలో ఫిట్టరు. ఆమె ఆ ప్రెస్సులో చాలా ఏళ్లుగా డీటీపీ ఆపరేటరు. ఎక్కువగా పెళ్లి కార్డులు కంపోజ్ చేసేది. అంతకుముందు, క్యాసెట్ల కాలం చివర్లో, పాప్ ఆల్బమ్‌లకు కోరస్ పాడింది. ఈ చివరి సంగతి ప్రెస్సులో ఎవరికీ తెలియదు. నాకు తెలియడానికి కారణం నా బొమ్మలు బాగా లేకపోవడమే.

నేను వృత్తిరీత్యా యంత్ర భాగాలు గీసేవాడిని. సెలవు రోజుల్లో కామిక్స్ గీస్తాను. ఒక పాప్ గాయకుడి కథ ఎనిమిది పేజీలు గీసుకుని, మాటల బుడగల్లో తెలుగు టైపు చేయించడానికి ఆ ప్రెస్సుకు వెళ్లాను. ఆమె రెండు పేజీలు టైపు చేసి ఆగింది.

“ఏంది తమ్మి, గీయన మైకు పట్టుకున్నడా, స్పానర్ పట్టుకున్నడా?”

నాకు కోపం వచ్చింది. రికార్డింగు థియేటరు ఎలా ఉంటుందో మీకెలా తెలుసని అడిగాను. ఆమె కీబోర్డు మీద నుంచి చేతులు తీయకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రానికి నా ఎనిమిది పేజీలూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆమె చెప్పిందే ‘రెండో గొంతు’ అయింది. కథ, అక్షరాలు ఆమెవి. బొమ్మలు నావి.

ఒకే మైకు ముందు ఇద్దరు అమ్మాయిలు నిలబడేవారట: పుష్ప, రాణి. పల్లవి చివర స్వరం సాగుతున్నప్పుడు ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఒకరు తీసుకునేటప్పుడు రెండోవారు ఆపకుండా పాడాలి. నోరు తెరిచి చెబితే మైకులో పడుతుంది కనుక మోచేత్తో మెల్లగా తాకడమే గుర్తు. “వినెటోళ్లకు మేము ఇద్దరమన్న సంగతే తెల్వొద్దు. తెలిసిందంటే మా పని చెడ్డట్టే” అనేది. క్యాసెట్టు పెట్టె మీద గాయకుడి పేరొక్కటే ఉండేది. దాని గురించి ఆమె ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు.

ఆమె దిగులు వేరు. ఆల్బమ్‌ల జోరు తగ్గి స్టూడియో మూతపడిన రోజున, మళ్లీ కలుద్దామనుకుని ఇద్దరూ చెరో బస్సు ఎక్కారు. రాణి అన్నది అసలు పేరో, స్టూడియోలో పెట్టుకున్న పేరో కూడా పుష్పక్క అడిగి ఉంచుకోలేదు. అప్పటికే రాణికి నెలలుగా దగ్గు తగ్గడం లేదు.

ఫొటో లేదు. రాణి ముఖాన్ని పుష్పక్క మాటల మీదే గీశాను. ముక్కు జర కిందికి, చెంప జర లోపలికి, గంత అందగత్తె కాదు, గంత తక్కువా కాదు. పదమూడోసారి గీసిన కాగితాన్ని ఆమె చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత పెళ్లి కార్డు ప్రూఫు కోసం ఎవరో వస్తే, రేపు రమ్మని పంపించేసింది. ఆమె పని వాయిదా వేయడం ఆ ఒక్కసారే చూశాను.

పుస్తకం సిద్ధమయ్యాక నేను ప్రచారానికి పట్టిక రాశాను: కాలేజీ ఉత్సవాలు, పుస్తకాల దుకాణాలు, ఇంటర్నెట్లో కామిక్స్ గురించి మాట్లాడే కుర్రవాళ్లు, ఇలా పదకొండు అంశాలు. ఆమె శ్రద్ధగా చదివి అడిగింది.

“గిండ్ల రాణి ఏడుంటది తమ్మి?”

నేను పుస్తకం అమ్ముడుపోవడం గురించి ఆలోచిస్తున్నాను. ఆమెకు అది ఒక్క మనిషికి చేరితే చాలు. ఉప్పల్ నుంచి నాచారం దాకా లేడీస్ టైలర్ల దుకాణాలన్నిటికీ తనే తిరిగి పాంప్లెట్లు అంటించింది. టైలర్లే ఎందుకని అడిగితే, “ఎంత ముసలిదైనా జాకెట్ కుట్టించుకోదా?” అంది. పాంప్లెట్ తయారుచేసింది నేను. పైన ఇద్దరి ముఖాలు, కింద ఆవిష్కరణ వివరాలు. రాదలచినవారు కింద ఉన్న కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి పేరు నమోదు చేసుకోవాలని కూడా రాశాను. ఫోన్ నంబరు వేయలేదు. అవసరం లేదనుకున్నాను.

సభ పోచారంలో, ఒక మిత్రుడి ఐటీ ఆఫీసు హాల్లో. ఏసీ, పెద్ద తెర, మంచి మైకు ఉన్నాయి. “మస్తు దూరం గదా తమ్మి” అని ఆమె అంటే, నేను బస్సు నంబర్లు చెప్పాను. అలా నమోదైన పేర్ల జాబితా ముందు రోజే గేటుకు పంపాను. సభ బాగా జరిగింది. తెచ్చిన ప్రతులన్నీ అయిపోయాయి. వేదిక మీదికి పిలిస్తే మాత్రం ఆమె రాలేదు.

నేనూ పుష్పక్కా తిరిగి వెళ్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు.

“సార్, ఒకామె వచ్చింది. లిస్టుల పేరు లేదు. ఐడీ కార్డు అడిగితే లేదన్నది. ఈ కాయితంల ఉన్నది నేనే బిడ్డా అన్నది. జరసేపు నిలవడి పోయింది.”

పేరు అడిగారా అన్నాను. అడగలేదన్నాడు. అతను తన పని తాను చేశాడు. జాబితా నాది.

పుష్పక్క రోడ్డు మీదికి వెళ్లి ఘట్‌కేసర్ వైపు ఒకసారి, ఉప్పల్ వైపు ఒకసారి చూసింది. బస్సులో నేను తల ఎత్తలేదు. అన్నోజిగూడ దాటాక ఆమే మాట్లాడింది.

“వచ్చిందంటే బతికే ఉన్నది. ఇన్నేండ్లు గదే ఫికరుండె నాకు.” ఆ వెంటనే, “బొమ్మ సూసి గుర్తువట్టుకున్నదంటే, ముక్కు మంచిగనే గీసినవ్ తమ్మి.”

నన్ను ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పాత పాంప్లెట్ల మీద ప్రెస్సు చిరునామా పెన్నుతో రాసి, మళ్లీ టైలర్ల దుకాణాలు తిరిగింది. చనిపోవడానికి ముందు వచ్చిన ఆదివారం కూడా వెళ్లింది. రాణి రాలేదు.

అంత్యక్రియల రోజు రాజయ్య గారు నా పక్కన కూర్చున్నారు. “ఇంట్ల ఎన్నడు పాడలే తమ్మి. పాడుమంటే, రెండో గొంతు ఒక్కతే పాడితే ఏం బాగుంటది అనేది” అన్నారు.

ఆమె చోటు భర్తీ చేయడం నా వల్ల కాదు. టైపు చేసేవారు దొరుకుతారు. గీసిన గీతలో మనిషి ఉన్నాడో లేడో చూసి చెప్పే కన్ను దొరకదు. ఆమెకు నా నమస్కారం ఈ వ్యాసమే. ఇది ఎక్కడో ఒక టైలరు బల్ల మీద ఉండగా చదివే ఒక్కరికి చెప్పవలసింది కూడా ఇందులోనే చెప్తున్నాను.

రాణి గారూ, ఆ రోజు మిమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టింది పుష్పక్క కాదు, నేను. ఆ రెండు గంటలూ ఆమె చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో తన సంచి పెట్టి, హాలు నిండి జనం గోడవార నిలబడినా ఎవరినీ కూర్చోనివ్వలేదు.