సారంగపాణిగారి స్థానచలనాలు

సారంగపాణిగారికి ఏ వస్తువైనా ఉన్నచోటనే ఉండటం బొత్తిగా సమ్మతం కాదు. ఆ వస్తువు ఎవరిది, ఆ ఇల్లు ఎవరిది అన్న విచారణతో ఆయనకు నిమిత్తం లేదు. మంచినీళ్లు తెచ్చేలోపల కుర్చీలు జరిగేవి; చాయ్ తెచ్చేలోపల బీరువా జరిగేది. ఆయనను భోజనానికి పిలిచిన ఇల్లాలికి వడ్డించే వేళకు గరిటె దొరికేది కాదు.

ఈ విషయమై ఆయన ధర్మపత్ని సమ్మమ్మగారి వాంగ్మూలం ఒక్కటి చాలును. "పొద్దుగాల లేవంగనే నా ఇంట్ల పొయ్యి యాడున్నదని నేనే అడుగుడైతది. పెండ్లైన కాడికెళ్లి అన్నీ జరిపిండు. నన్నొక్కదాన్ని జరపలే. ఎందుకంటరా? నేను జరగ!"

ఒకసారి బంధువుల పెళ్లిలో, వధూవరులకు గాలి తగలడం లేదని గ్రహించి, అతిథులందరూ భోజనాల వద్ద ఉన్న సమయంలో వారి సోఫాను ఫ్యానువైపు తిప్పించారు. ఆ ఆల్బమ్‌లో సగం ఫొటోలలో నూతన దంపతుల వీపులు అత్యంత స్పష్టంగా వచ్చాయి. మరొకసారి దవాఖానలో కుర్చీల వరుస వంకరగా ఉన్నదని, రోగులను లేపి, సరిచేసి, తిరిగి కూర్చోబెట్టేసరికి చివరివాడు మొదటివాడయ్యాడు. పంటినొప్పితో ఉదయమే వచ్చిన పెద్దమనిషి ఆయనను ఏమన్నాడో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

పక్కింటి సదానందం సంగతి మాత్రం చెప్పక తప్పదు. అతడు సాంచల కార్ఖానాలో మరమగ్గాల పని ముగించుకొని, ఇంటికి రాగానే అలవాటు ప్రకారం వెనుకకు చూడకుండా మంచం మీద కూలబడేవాడు. ఒకనాడు సాయంత్రం అట్లాగే కూలబడ్డాడు, మంచం లేదు.

"కాకా! నా మంచం యాడ పెట్టినవే?"

"కిటికీ కాడ. గాలి మంచిగ వస్తది."

"గాలి మంచిగనే వస్తాంది గని, నా నడుము పోయింది గద!"

ఇంతటి సారంగపాణిగారు తన చేతులను అదుపులో పెట్టుకొనే ఇల్లు వరంగల్ మొత్తం మీద ఒక్కటే ఉండేది. అది కొత్తవాడలో ఆయన అక్క లక్ష్మీనర్సమ్మగారి అద్దె ఇల్లు. ప్రతి ఆదివారమూ వచ్చి, తలుపు పక్కనున్న మగ్గం చెక్క బల్ల దగ్గరే నిలబడి, చేతులు వెనుకకు కట్టుకొని, వంకరగా వేలాడే క్యాలెండరును చూస్తూ చెమటలు పట్టించుకునేవారే తప్ప దాన్ని తాకేవారు కారు. అక్క కోడలు రమ ఇది చూసి లోలోపల నవ్వుకునేది. 'మామకు అత్తమ్మ అంటే ఎంత భయం!' అనుకునేది.

రమకు ఆ రోజులలో వేరే చింత ఉన్నది. భర్త కుమారస్వామి, తాను చిట్టీలు కట్టి మడికొండలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. కొత్తవాడ ఇంటి యజమాని పాత ఇల్లు కూల్చుతానన్నాడు. అందరూ కదలాలి, లక్ష్మీనర్సమ్మగారు కదలనన్నారు. ఆమెకు చూపు తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు వెలుగు నీడలు మాత్రమే మిగిలాయి. అయినా ఇంటి వంట అంతా ఆమెదే. చాయ్ పెట్టడంలో ఆమె చేతికి ఎదురు లేదు. కొత్త ఇల్లు కడుతుండగా ఒక్కసారి వచ్చి చూసి, పిల్లర్‌కు తల తగిలించుకొని వెళ్లినది మొదలు ఆమె మాట ఒక్కటే.

"పాలు పొంగిచ్చి, అటే వర్ధన్నపేటల మా చెల్లె కాడికి పోత. ఆ ఇంట్ల నాకు చెయ్యి మెసలదు. నీళ్లకు ఒకలు, బాత్రూంకు ఒకలు చెయ్యి పట్టుకపోతే నేనేం మనిషినే, మూటనా?"

"అట్లనకు అత్తమ్మా, నేను లేనా?"

"నువ్వున్నవ్ బిడ్డా. నేనే ఉండ."

అత్తను ఎట్లాగైనా నిలుపుకోవాలని రమ ఇల్లు అందంగా సర్దింది. ఫోనులో వీడియోలు చూసి, అక్కరలేనివన్నీ తీసివేసింది. కొత్తవాడ ఇంటి పాత జంపఖానాను పారేసే సామానులో చేర్చింది. ఆ స్థానంలో మెత్తటి తివాచీ తెచ్చింది. సొట్టలు పోయిన డబ్బాలకు బదులు, ఒకే కొలత తెల్లడబ్బాలు వచ్చాయి. గది నడుమ గాజు టీపాయ్, మూలమూలనా మొక్కలు.

గృహప్రవేశం నాడు తెల్లవారగానే సారంగపాణిగారు విచ్చేశారు. ఆయన లోపలికి పోవడం రమ చూసింది, కానీ పూజ పీటల మీదినుంచి లేవడానికి వీలులేదు. లోపలినుంచి మాత్రం ఈడ్చిన చప్పుడు, ఆగిన చప్పుడు, సామాను తెచ్చిన ట్రాలీ ఆటో రాజమల్లును హెచ్చరించిన చప్పుడు వినబడుతూనే ఉన్నాయి.

"జర ఎడమకు! ఇంకో జానెడు! నిలుపు!"

పూజ ముగిసి లోపలికి వెళ్లిన రమ నిలబడిపోయింది. టీపాయ్ వరండాలో ఉన్నది. మొక్కలన్నీ గేటు బయట కాపలా కాస్తున్నాయి. తివాచీ మాయమై, పారేయమన్న జంపఖానా గడప నుంచి వంటింటిదాకా పరచుకున్నది. పాత మగ్గం చెక్కతో చేసిన బల్ల తలుపు పక్కన గోడకు ఆనుకున్నది. వంటింటిలో తెల్లడబ్బాలు ఖాళీ, సొట్టడబ్బాలు కొలువుదీరాయి.

"మామా! ఇది నా ఇల్లు!"

"నీదే బిడ్డా. ఫికర్ చెయ్యకు."

"ఫికర్ చెయ్యకనా? పది దినాలు సదిరిన! ఏమయ్యో, నువ్వన్న చెప్పవేంది?"

కుమారస్వామి, పూజ చేయించిన అయ్యగారి వెనుక తనకొక సురక్షితమైన స్థానం చూసుకున్నాడు. రమ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ తుక్కు కొట్టులో అత్త ఒక్క పూట కూడా ఆగదని ఆమెకు నిశ్చయమైంది.

అంతలో గేటు ముందు ఇంకొక ఆటో ఆగింది. చంకకు బట్టల సంచితో లక్ష్మీనర్సమ్మగారు దిగి, కొడుకు చెయ్యి పట్టుకొని కుడికాలు గడపలో పెట్టారు. ఆ కాలు జంపఖానా అంచును తాకింది. ఆమె ఆగారు. అరికాలితో ఆ నేతను ఒకసారి రాచి చూశారు. చెయ్యి పక్కకు చాపితే బల్ల దొరికింది.

"చెయ్యి ఇడువురా," అన్నారు కొడుకుతో.

సంచిని బల్ల మీద పెట్టి, జంపఖానా వెంబడి నేరుగా వంటింటిలోకి నడిచారు. అగ్గిపెట్టె ఆమె చేతికి దానంతటదే వచ్చినట్లు వచ్చింది. పాలు పొంగాయి. అయ్యగారు మంత్రం పూర్తిచేశారు. అయినా ఆమె పొయ్యి వద్దనుంచి రాలేదు. కొద్దిసేపటికి అల్లం వాసన వచ్చింది.

అప్పుడు రమ ఇల్లంతా మరల చూసింది. తలుపు, బల్ల, బిందె, గూడు, పొయ్యి... కొత్తవాడ ఇల్లు ఇంచైనా తప్పకుండా మడికొండకు వచ్చి కూర్చున్నది.

"మామా," అన్నది మెల్లగా. "గా ఇంట్ల నువ్వేది ముట్టకపోతే, అత్తమ్మకు భయపడుతున్నవనుకున్న."

"భయమే గద బిడ్డా. ఒక్క చెంబు జరిగితే అక్క చెయ్యి ఉత్తగ మర్లుతది."

వంటింటినుంచి కేక వచ్చింది. "ఓరి సారంగం! ఉప్పుడబ్బ బెత్తెడు ఇవుతలకు పెట్టినవ్! నీ బతుకుల ఒక్క పనన్న సక్కగ చేసినవారా?"

సారంగపాణిగారు చివాలున లేచారు. అక్క ఇంటిలో ఒక వస్తువును జరుపుటకు ఆయనకు అనుమతి లభించడం అదే ప్రథమం. ఆ డబ్బాను రెండు చేతులా పట్టుకొని బెత్తెడు జరిపి, వచ్చినవారందరినీ గర్వంగా కలయజూశారు.

ఆమెను బస్సు ఎక్కించే పని కూడా ఒప్పుకున్న రాజమల్లు తలుపు వద్దకు వచ్చాడు. "అవ్వా, వర్ధన్నపేట బస్సు టైమైతాంది. పోదమా?"

లక్ష్మీనర్సమ్మగారు చాయ్ వడగడుతూనే సమాధానమిచ్చారు.

"ఓ కుమారస్వామీ! ఆ సంచి తీసి లోపల పెట్టురా. యాడ పెట్టినవో వచ్చి నా చెవుల చెప్పు. మీ మామ వింటాండు."